తెర హఠాత్తుగా చీకటైతే...

కోల్‌కతాలో వేసవి సాయంకాలాలకు ఒక ప్రత్యేకత ఉంది. పగలంతా ఉక్కపోత, చెట్టు మీద ఆకు కదలదు. పొద్దువాలే వేళకు వాయవ్య దిశలో నల్లని మబ్బు లేస్తుంది. చూస్తూండగానే దుమ్ము, ఈదురుగాలి, ఉరుములు, మెరుపులు, ఆ వెనకే వాన. మార్చి నుంచి మే దాకా వచ్చే ఈ గాలివానను బెంగాలీలు 'కాల్‌బైశాఖి' అంటారు.

అలాంటి ఒక సాయంకాలం మీరు జాదవ్‌పూర్‌లో ఒక అద్దె గదిలో కూర్చుని ప్రాజెక్టు రిపోర్టు టైపు చేస్తున్నారనుకోండి. రేపు ఉదయం పది గంటలకల్లా దాన్ని అప్పగించాలి. పెద్ద మెరుపు మెరిసింది. గదిలో దీపం ఆరిపోయి, కాసేపటికి మళ్ళీ వెలిగింది. కంప్యూటరు యు.పి.ఎస్.కు తగిలించి ఉంది కాబట్టి అది ఆగనే లేదు. మోనిటరు ప్లగ్గు మాత్రం గోడలోని సాకెట్టులో ఉంది. దీపం వచ్చింది, ఫ్యాను తిరిగింది, కాని తెర వెలగలేదు. మీట ఎన్నిసార్లు నొక్కినా ప్రయోజనం లేదు.

ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని మోనిటరు నెత్తిన రెండు తట్టడం. రెండవది, "పిడుగు పడి పోయింది" అని తీర్పు చెప్పేయడం. మూడవది, కొత్తది కొనడానికి ఇంటి నుంచి డబ్బు ఎలా అడగాలా అని ఆలోచించడం. వీటన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. కీబోర్డు మీద 'కంట్రోల్' మీటను, 'ఎస్' అక్షరాన్ని కలిపి నొక్కండి. ఫైలుకు ముందే పేరు పెట్టి ఉంటే, మీ రిపోర్టు భద్రమైపోతుంది.

ఏమీ కనిపించకుండానే ఇది ఎలా సాధ్యం? మన మొదటి పాఠం అక్కడే ఉంది.

తెర వేరు, కంప్యూటరు వేరు

మన దేశానికి తొలి డిజిటల్ కంప్యూటరు వచ్చింది ఈ నగరానికే. బరానగర్‌లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ 1955లో ఇంగ్లండు నుంచి హెచ్.ఇ.సి.-2ఎమ్ అనే యంత్రాన్ని తెప్పించింది. వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే ఆ యంత్రానికి జ్ఞాపకశక్తి ఒక గిరగిర తిరిగే అయస్కాంత డ్రమ్ము. అందులో పట్టేవి 1,024 'పదాలు' మాత్రమే. ఆ తరువాత 1966లో అదే సంస్థ, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం కలిసి ట్రాన్సిస్టర్లతో ఐ.ఎస్.ఐ.జె.యు.-1 అనే కంప్యూటరును ఇక్కడే నిర్మించాయి.

ఆ తొలి యంత్రానికి నేడు మన బల్ల మీద ఉన్నటువంటి మోనిటరు లేదు. అయినా అది లెక్కలు చేసింది. అంటే మోనిటరు లెక్కలు చేసే యంత్రం కాదు. చేసిన లెక్కను మనకు చూపించే కిటికీ మాత్రమే. కిటికీ తలుపు మూసుకుపోతే ఇంట్లో పని ఆగిపోదు కదా! మీ రిపోర్టు ఇంకా లోపలే ఉంది. పక్క గదిలోని మిత్రుడి మోనిటరును గాని, హెచ్.డి.ఎమ్.ఐ. సాకెట్టు ఉన్న టెలివిజన్‌ను గాని తెచ్చి తగిలిస్తే రాత్రికి పని గడిచిపోతుంది.

ఇలా తగిలించడం అవసరం తీర్చుకోవడమే కాదు, ఒక పరీక్ష కూడా. వేరే తెర మీద బొమ్మ వచ్చిందంటే కంప్యూటరు, దాని చిత్రాలను పంపే భాగం బాగున్నాయని అర్థం. దోషం మోనిటరులోనో, దాని కేబుల్లోనో ఉంది. ఒక్క పరీక్షతో సగం అనుమానాలు తొలగిపోయాయి. పరికరాల మరమ్మతుకు ఇదే మూలసూత్రం. ప్రతి పరీక్షా అనుమానాన్ని సగానికి తగ్గించాలి.

బయటి నుంచి లోపలికి

డాక్టరు మొదట నాడి చూస్తాడు, తరువాతే ఎక్స్‌రే. మోనిటరు నాడి దాని మూల ఉండే చిన్న ఇండికేటరు దీపం. అది మూడు రకాలుగా మాట్లాడుతుంది.

దీపం నిలకడగా నీలంగానో, తెల్లగానో, ఆకుపచ్చగానో వెలుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే, మోనిటరుకు విద్యుత్తు అందుతోంది. దోషం చిత్రాన్ని తయారుచేసే భాగంలోనో, వెనక వెలుతురులోనో ఉంది.

దీపం నారింజ రంగులో ఉంటే, లేదా మెల్లగా ఆరుతూ వెలుగుతూ ఉంటే, మోనిటరు నిద్రలో ఉంది. కంప్యూటరు నుంచి చిత్రం రాకపోతే విద్యుత్తును పొదుపు చేయడానికి అది నిద్రపోతుంది. అప్పుడు కేబులును అనుమానించాలి. రెండు కొసలా ఊడదీసి, పిన్నులు వంగాయేమో చూసి, గట్టిగా తగిలించాలి. మోనిటరుకు రెండు మూడు రకాల సాకెట్లు ఉంటే, ఏ సాకెట్టు నుంచి చిత్రం తీసుకోవాలో దాని మెనూలో సరిగా ఎన్నుకున్నామో లేదో చూడాలి. కేబులులో చిత్రం ఒక్కటే ప్రయాణించదని కూడా గుర్తుంచుకోండి. మోనిటరు తన పేరు, తాను చూపగల చుక్కల సంఖ్య మొదలైన వివరాలను అదే కేబులు ద్వారా కంప్యూటరుకు చెబుతుంది. ఆ సంభాషణకు వాడే పిన్ను ఒక్కటి అంటుకోకపోయినా చిత్రం తప్పుగా రావచ్చు, అసలే రాకపోవచ్చు.

దీపం బొత్తిగా వెలగకపోతే మోనిటరుకు విద్యుత్తు అందడం లేదు, లేదా అందినది లోపల ఉపయోగపడడం లేదు. సాకెట్టులో టేబుల్ ల్యాంపు తగిలించి చూడాలి. ల్యాంపు వెలిగితే సాకెట్టు మంచిదే. పవర్ కేబులును మార్చి చూడాలి. ఈ రెండూ బాగుంటే దోషం పెట్టె లోపలే.

ఇంకొక తేలికైన పరీక్ష ఉంది. కంప్యూటరు నుంచి వచ్చే కేబులును పూర్తిగా ఊడదీసి, మోనిటరును ఒంటరిగా వెలిగించండి. మంచి మోనిటరు 'చిత్రం అందడం లేదు' అన్న సందేశాన్ని కొన్ని క్షణాలు తానే చూపుతుంది. ఆ సందేశం కనిపించిందంటే విద్యుత్ సరఫరా, తెర, వెనక వెలుతురు అన్నీ క్షేమం.

మన కథలోని మోనిటరులో దీపం వెలగలేదు. సాకెట్టు మంచిది, కేబులు మంచిది. అయితే గదిలో ఫ్యాను ఆపి, చెవి కాస్త దగ్గరగా పెడితే పెట్టె లోపల సన్నగా టిక్, టిక్ మని చప్పుడు. ఈ చప్పుడును మరచిపోకండి. దీనితో మనకు పని ఉంది.

టార్చిలైటు పరీక్ష

దీపం వెలుగుతూ తెర నల్లగా ఉన్నవారి సంగతి ముందు చూద్దాం. ఇందుకు తెర ఎలా పనిచేస్తుందో తెలియాలి.

నేటి మోనిటర్లలో చాలావాటి తెర ద్రవస్ఫటికాలతో చేసినది. ఈ పదార్థం ద్రవంలా పారుతుంది, కాని దాని అణువులు స్ఫటికంలో లాగా ఒక వరుస పాటిస్తాయి. 1888లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దీన్ని మొదటగా గమనించాడు. ఈ రంగంలో మన దేశానికి పేరు తెచ్చినవారు శివరామకృష్ణ చంద్రశేఖర్. 1930లో కలకత్తాలోనే పుట్టిన ఆయన సర్ సి.వి. రామన్‌కు మేనల్లుడు. 1977లో బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థలో ఆయన బృందం బిళ్ళల ఆకారంలో ఉండే అణువులు కూడా ద్రవస్ఫటికాలు కాగలవని కనుక్కొంది. ఆ జాతి అణువులతో చేసిన పలుచని పొరలనే తరువాతి కాలంలో, పక్క నుంచి చూసినా బొమ్మ చెడకుండా ఉండేందుకు తెరల మీద వాడారు.

ద్రవస్ఫటికం తనంత తాను వెలగదు. అది కాంతికి తలుపు మాత్రమే. తెర వెనక ఎల్.ఇ.డి. దీపాలుంటాయి, పాత మోనిటర్లలో సన్నని ఫ్లోరసెంటు గొట్టాలుండేవి. ఆ కాంతి ముందుగా ఒక ధ్రువణ పలకను దాటుతుంది. పలకను దాటిన కాంతి తరంగాలు ఒకే దిశలో కంపిస్తాయి. ముందువైపు రెండవ ధ్రువణ పలక ఉంటుంది, దాని దిశ మొదటి దానికి లంబంగా ఉంటుంది. మధ్యలో ఏమీ లేకపోతే కాంతి రెండవ పలక దగ్గర ఆగిపోతుంది. మధ్యలో మెలిక తిరిగిన ద్రవస్ఫటికం ఉంటే, అది కాంతి కంపన దిశను 90 డిగ్రీలు తిప్పి బయటికి పంపిస్తుంది. వోల్టేజి ఇస్తే మెలిక విడిపోతుంది, తలుపు మూసుకుంటుంది. బాగా వాడుకలో ఉన్న ఒక రకం తెర పనిచేసే తీరు ఇది.

అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలున్న తెరలో మొత్తం చుక్కలు 20,73,600. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడేసి తలుపులు. మొత్తం 62 లక్షల పైచిలుకు తలుపులన్నమాట! ఇన్ని తలుపులు, రంగు పొరలు, పలకలు దాటుకుని మన కంటికి చేరేది వెనక వెలుతురులో పదో వంతు లోపే.

ఇప్పుడు ఆలోచించండి. వెనక దీపాలు ఆరిపోయి, తలుపులు మాత్రం సక్రమంగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే ఏమవుతుంది? తెర మీద బొమ్మ ఉంటుంది, కాని చీకట్లో ఉంటుంది. గదిలో దీపం ఆర్పి, టార్చిలైటును తెర మీద ఏటవాలుగా వేసి చూడండి. అక్షరాల ఛాయలు మసకగా కనిపిస్తే రోగం వెనక వెలుతురుదే. కొన్ని మోనిటర్లలో బొమ్మ ఒకటి రెండు సెకన్లు మెరిసి ఆరిపోతుంది. ఇది కూడా అదే జబ్బు. దీపాల వరుసలో లోపాన్ని గమనించిన రక్షక వలయం వాటికి విద్యుత్తును ఆపేస్తుంది.

పెట్టెలో ఉన్న చిన్న విద్యుత్ కేంద్రం

ఇక మన మోనిటరు సంగతికి వద్దాం. దాని లోపల పవర్ బోర్డు అనే ఒక పలక ఉంటుంది. గోడ నుంచి వచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. మోనిటరుకు కావలసింది ఏ 5 వోల్టులో, 12 వోల్టులో ఉండే ఏకముఖ విద్యుత్తు. ఈ మార్పు ఎలా జరుగుతుంది?

విద్యుత్తు ముందుగా ఫ్యూజును దాటుతుంది. తరువాత నాలుగు డయోడ్ల వంతెన దాన్ని ఏకముఖంగా మారుస్తుంది. 230 వోల్టులన్నది ఒక రకమైన సగటు విలువ. తరంగ శిఖరం దగ్గర వోల్టేజి 230ని 1.414తో గుణించినంత, అంటే సుమారు 325 వోల్టులు ఉంటుంది. ఒక పెద్ద కెపాసిటరు ఆ శిఖరం దాకా నిండి, 325 వోల్టులను నిలవ ఉంచుతుంది. ఆ విద్యుత్తును ఒక ట్రాన్సిస్టరు సెకనుకు వేలాదిసార్లు కోసి, చిన్న ఫెర్రైటు ట్రాన్స్‌ఫార్మరుకు పంపుతుంది. అవతలి వైపు తక్కువ వోల్టేజి వస్తుంది. డయోడు, కెపాసిటర్లు కలిసి దాన్ని చదును చేస్తాయి. ఇంత వేగంగా కోయడం వల్లనే ట్రాన్స్‌ఫార్మరు అరచేతిలో ఇమిడేంత చిన్నదిగా ఉంటుంది.

ఈ ట్రాన్సిస్టరుకు 'ఇప్పుడు కొయ్యి, ఇప్పుడు ఆగు' అని చెప్పే యజమాని ఒక చిన్న ఐ.సి. ఆ యజమానికి కూడా తిండి కావాలి. పని నడుస్తున్నప్పుడు ట్రాన్స్‌ఫార్మరులోని ఒక చిన్న చుట్ట అతనికి విద్యుత్తు పెడుతుంది. మరి పని మొదలుకాక ముందు? ట్రాన్స్‌ఫార్మరు నడవాలంటే ఐ.సి. లేవాలి, ఐ.సి. లేవాలంటే ట్రాన్స్‌ఫార్మరు నడవాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదన్న సామెత లాంటి చిక్కు!

ఈ చిక్కు విప్పడానికి ఇంజనీర్లు ఒక ఉపాయం చేశారు. 325 వోల్టుల నుంచి ఒక పెద్ద నిరోధకం ద్వారా బొట్టు బొట్టుగా విద్యుత్తును తెచ్చి ఒక చిన్న కెపాసిటరును నింపుతారు. అది నిండాక, ఐ.సి. దాని నుంచి తాగి నిద్ర లేస్తుంది. ఆ నిలవ అయిపోయేలోగా ట్రాన్స్‌ఫార్మరు చుట్ట అందుకుంటుంది. ఒక్కసారి అందుకుంటే ఇక చిన్న కెపాసిటరు మీద భారం ఉండదు.

దీన్ని లెక్క వేసి చూద్దాం. ఇలాంటి సరఫరాల్లో దశాబ్దాల పాటు విరివిగా వాడిన 3842 అనే ఐ.సి. 16 వోల్టుల దగ్గర మేలుకొంటుంది, 10 వోల్టులకు పడిపోతే నిద్రపోతుంది. అంటే వాడుకోగలిగింది 6 వోల్టుల తేడా. కెపాసిటరు 47 మైక్రోఫారడ్‌లయితే, ఆ తేడాలో ఉన్న విద్యుదావేశం 47ను 6తో గుణిస్తే 282 మైక్రోకూలుంబులు. ఐ.సి. 15 మిల్లీ ఆంపియర్లు తాగుతుందనుకుంటే నిలవ దాదాపు 19 మిల్లీ సెకన్లు వస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు అందుకోవడానికి 10 మిల్లీ సెకన్లు పడుతుందనుకుందాం. చిక్కేమీ లేదు. కాని ఆ కెపాసిటరు ఎండిపోయి 5 మైక్రోఫారడ్‌లకు దిగజారితే? నిలవ 2 మిల్లీ సెకన్లలోనే అయిపోతుంది. ఐ.సి. కళ్ళు తెరిచీ తెరవగానే మళ్ళీ నిద్రలోకి జారుతుంది. కెపాసిటరు మళ్ళీ నిండుతుంది, ఐ.సి. మళ్ళీ లేస్తుంది, మళ్ళీ పడిపోతుంది. ఇలాంటి విఫలయత్నం ఒక్కొక్కటీ ఒక టిక్ మనే చప్పుడు!

మోనిటరు హఠాత్తుగా పోవడంలోని రహస్యం ఇప్పుడు తెలిసింది కదా. మీరు నెలల తరబడి గోడ స్విచ్చి ఆపనే లేదు. పవర్ బోర్డు నడుస్తూనే ఉంది కాబట్టి చిన్న కెపాసిటరు ఎండిపోయిన సంగతి బయటపడలేదు. ఆ సాయంకాలం విద్యుత్తు కాసేపు ఆగింది. మళ్ళీ మొదటి నుంచి లేవవలసి వచ్చింది. లేవలేకపోయింది. ఈ నేరంలో పిడుగు ముద్దాయి కాదు, సాక్షి మాత్రమే.

కెపాసిటరు ఎందుకు ఎండిపోతుంది?

ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరులో రెండు అల్యూమినియం రేకులు, వాటి మధ్య ఒక ద్రవంలో నానిన కాగితం చుట్టగా చుట్టి ఉంటాయి. కాలం గడిచినకొద్దీ ఆ ద్రవం రబ్బరు మూత గుండా కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా పోతుంది. ఇంజనీర్లు వాడే మోటు లెక్క ఒకటుంది: ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే ఆయుర్దాయం రెట్టింపవుతుంది.

కెపాసిటరు మీద '105 డిగ్రీలు' అని రాసి ఉండి, దాని ఆయుర్దాయం ఆ వేడి దగ్గర 2,000 గంటలు అనుకోండి. 85 డిగ్రీల దగ్గర అది 8,000 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు వాడితే మూడేళ్ళ పైన మరి నాలుగు నెలలు. అదే కెపాసిటరు 65 డిగ్రీల దగ్గర ఉంటే 32,000 గంటలు, అంటే పదమూడేళ్ళు! తేడా అంతా గాలి ఆడడంలోనే ఉంది. మోనిటరు వెనక చిల్లులను గోడకు ఆనించి మూసేసినా, వాటి మీద తువ్వాలు ఆరేసినా మనం దాని ఆయుష్షును మన చేతులతోనే తగ్గిస్తున్నామన్నమాట.

పెద్ద కెపాసిటర్లు చెడిపోయేటప్పుడు తరచుగా పైభాగం ఉబ్బుతుంది, గోధుమరంగు మడ్డి కారుతుంది. 2000 దశకం మొదటి సంవత్సరాల్లో తప్పుడు ద్రవంతో తయారైన కెపాసిటర్ల వల్ల ప్రపంచమంతటా లెక్కలేనన్ని కంప్యూటర్లు, మోనిటర్లు ఇలా ఉబ్బి పాడయ్యాయి. అయితే చిన్న కెపాసిటర్లు ఉబ్బకుండానే, చూడడానికి కొత్తవాటిలా ఉంటూనే ఎండిపోతాయి. కంటితో చూసి 'బాగుంది' అనడం చాలదు, మీటరుతో కొలవాలి.

ఒక హెచ్చరిక

ఇంత చదివాక మీ చేయి స్క్రూడ్రైవరు కోసం వెతుకుతూ ఉండవచ్చు. దయచేసి ఆగండి. ప్లగ్గు తీసేసినా పెద్ద కెపాసిటరులో 325 వోల్టులు కొంతసేపు నిలిచి ఉంటాయి. 100 మైక్రోఫారడ్‌ల కెపాసిటరులో ఆ వోల్టేజి దగ్గర ఉండే శక్తి సుమారు 5 జౌళ్ళు. మనిషిని విసిరికొట్టడానికి, అదను తప్పితే ప్రాణం తీయడానికి అది చాలు. దాన్ని ఖాళీ చేయవలసిన నిరోధకం కూడా చెడిపోయి ఉండవచ్చు.

ఎక్కడైనా మూల పడి ఉన్న పాత గాజు గొట్టం మోనిటరు అయితే ఇంకా ప్రమాదం. అందులో ఎలక్ట్రాన్లను తెర మీదికి లాగడానికి సుమారు 25,000 వోల్టులు వాడేవారు. ఆ గొట్టమే ఒక కెపాసిటరులా పనిచేసి ఆవేశాన్ని దాచుకుంటుంది. పైగా లోపల శూన్యం ఉంటుంది. పగిలితే గాజు పెంకులు చిమ్ముతాయి. కాబట్టి పెట్టె బయట చేసే పరీక్షలన్నీ మీవి. పెట్టె విప్పడం నేర్చినవారి పని. కాలేజీ ప్రయోగశాలలో గురువు పక్కన నిలబడి నేర్చుకోండి, ఒంటరిగా గదిలో కాదు.

చాందినీ చౌక్‌లో ఒక బల్బు

సెంట్రల్ కోల్‌కతాలో చాందినీ చౌక్ పరిసరాలు, మదన్ స్ట్రీటు ఎలక్ట్రానిక్ సరుకులకు పెట్టింది పేరు. ఇరుకు సందుల్లో రేడియో భాగాల నుంచి కంప్యూటర్ భాగాల దాకా దొరుకుతాయి. హైదరాబాదువారికి కోఠిలోని గుజరాతీ గల్లీ ఎలాంటిదో వీరికి ఇది అలాంటిది. బల్ల ముందు కూర్చుని మరమ్మతు చేసే మనిషిని ఇక్కడ 'మిస్త్రి' అంటారు. మంచి మెకానిక్కు ఎలా పనిచేస్తాడో గమనిస్తే అదొక భౌతికశాస్త్ర పాఠం.

అతను మీ మోనిటరును తిన్నగా 230 వోల్టులకు తగిలించడు. పాతకాలపు 60 లేక 100 వాట్ల ఫిలమెంటు బల్బు ఒకదాన్ని శ్రేణిలో కలిపి, దాని ద్వారా విద్యుత్తునిస్తాడు. దీన్ని మన మెకానిక్కులు కూడా 'సీరీస్ బల్బు' అనే అంటారు. పవర్ బోర్డులో ఎక్కడైనా షార్టు ఉంటే వోల్టేజి అంతా బల్బు మీద పడి అది పూర్తిగా వెలుగుతుంది; బోర్డుకు ఇంకా నష్టం జరగదు. షార్టు లేకపోతే పెద్ద కెపాసిటరు నిండే క్షణం మాత్రం మెరిసి మసకబడుతుంది. ఫ్యూజు పోయి ఉంటే బల్బు అసలు వెలగదు. ఒక మామూలు బల్బు, మూడు జవాబులు!

మన మోనిటరుకు తగిలించినప్పుడు బల్బు ఒక్కసారి మెరిసి మసకబడిందనుకుందాం. అంటే ఫ్యూజు ఉంది, షార్టు లేదు. పెద్ద కెపాసిటరు కొసల మధ్య మీటరు 300 వోల్టులకు పైగా చూపింది. అవతలి వైపు 12 వోల్టులు ఉండవలసిన చోట ముల్లు కాస్త ఎగిరి పడుతోంది. విద్యుత్తు వచ్చిన చోటికీ, రాని చోటికీ మధ్యలో దొంగ ఉన్నాడు. అక్కడున్న వాటిలో త్వరగా చెడిపోయేది, వేడికి దగ్గరగా ఉన్నది ఆ చిన్న కెపాసిటరు. మెకానిక్కు ప్లగ్గు తీసి, నిలవ ఉన్న ఆవేశాన్ని నిరోధకం ద్వారా ఖాళీ చేసి, మీటరుతో మళ్ళీ కొలిచి చూసుకుని, అప్పుడు గాని దాన్ని ఊడదీయడు. కొలిస్తే 47 ఉండవలసిన చోట 5 ఉంది. కొత్తది వేసేటప్పుడు అంతే సామర్థ్యం, అంతే లేక ఎక్కువ వోల్టేజి, 105 డిగ్రీల రకం చూసి, ధన ఋణ కొసలు తారుమారు కాకుండా అతుకుతాడు. ఆ కెపాసిటరు ఖరీదు కొద్ది రూపాయలు. మిగిలినది అతని విద్యకు ఇచ్చే విలువ.

అసలు పిడుగు దెబ్బే అయితే గుర్తులు వేరుగా ఉంటాయి. ఫ్యూజు గాజు లోపల నల్లబడుతుంది, వేరిస్టరు అనే రక్షక బిళ్ళ పగులుతుంది, డయోడ్ల వంతెన షార్టవుతుంది. అప్పుడు ఎవరైనా ఫ్యూజుకు బదులు మందపాటి తీగ చుడతానంటే ఒప్పుకోకండి. ఫ్యూజు పోవడం రోగం కాదు, రోగ లక్షణం. కారణాన్ని వదిలి ఫ్యూజును బలంగా చేస్తే, తరువాత కాలేది మోనిటరు, ఆ తరువాత ఇల్లు.

బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

పవర్ బోర్డు, కేబులు, మీటలు పోతే బాగు చేయించడం లాభమే. వెనక దీపాలు పోతే మెకానిక్కు నేర్పును బట్టి ఉంటుంది. తెర పగిలినా, దాని మీద నిలువు గీతలు పడినా తెరనే మార్చాలి. దాని ఖరీదు కొత్త మోనిటరు ధరకు దగ్గరగా ఉంటుంది. ఖర్చు ముందే అడిగి, మార్చిన పాత భాగాన్ని తిరిగి ఇమ్మని చెప్పడం మంచి అలవాటు.

ఇది మన జేబుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులని, అందులో సక్రమంగా సేకరించి తిరిగి వాడుకున్నట్టు నమోదైంది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో విడుదల చేసిన నివేదిక తెలిపింది. పాత గాజు గొట్టాల్లో సీసం, ఫ్లోరసెంటు దీపాల్లో పాదరసం ఉన్నాయి. వాటిని చెత్తకుప్పలో వేస్తే అవి మట్టిలోకి, నీటిలోకి చేరతాయి. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి చెత్త నమోదైన సంస్థలకే చేరాలి. కొద్ది రూపాయల కెపాసిటరు కోసం కిలోల బరువున్న మోనిటరును పారేయడం ఎంత నష్టమో లెక్క మీరే వేసుకోండి.

రాకముందే జాగ్రత్త

కోల్‌కతాలో వానాకాలపు గాలిలో తేమ సగటున 80 శాతం దాటుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి మన సముద్రతీర పట్టణాలదీ దాదాపు ఇదే స్థితి. బోర్డు మీద పేరుకున్న దుమ్ము ఆ తేమను పీల్చుకుని, విద్యుత్తు పారకూడని చోట సన్నని దారి వేస్తుంది. కాబట్టి మోనిటరు చుట్టూ గాలి ఆడనివ్వండి, వెనక చిల్లుల మీది దుమ్మును మెత్తని పొడి కుంచెతో దులపండి. ఉరుములు వినిపించినప్పుడు, గాలివానకు ముందే ప్లగ్గును ఊడదీయండి. స్విచ్చి ఆపడం ఒక్కటే చాలదు. స్టెబిలైజరు వోల్టేజి నెమ్మదిగా హెచ్చుతగ్గులైతే సరిచేస్తుంది గాని, రెప్పపాటులో వచ్చే పిడుగు పోటును ఆపలేదు. సాకెట్టుకు ఎర్తు సరిగా ఉందో లేదో చూపించుకోండి.

మోనిటరు మళ్ళీ వెలిగింది. ఇందులో మనం వాడిన సాధనాలు ఏమిటి? ఒక టేబుల్ ల్యాంపు, ఒక టార్చిలైటు, ఒక బల్బు, ఒక మీటరు, అన్నిటికంటే ముఖ్యంగా ఒక పద్ధతి. చూసినదాన్ని చూసినట్టు గుర్తుంచుకోవడం, ఒకసారి ఒక్కదాన్నే మార్చడం, ప్రతి పరీక్షతో అనుమానాన్ని సగానికి కోయడం, జవాబు దొరికేదాకా తీర్పు చెప్పకపోవడం. 'పిడుగు పడి పోయింది' అన్న మాటతో ఆగిపోయి ఉంటే ఆ మోనిటరు చెత్తకుప్పకు చేరేది. టిక్, టిక్ మన్న చిన్న చప్పుడును పట్టించుకున్నందువల్ల అది మళ్ళీ బల్ల మీదికి వచ్చింది.